డీటాంగ్ చ్యువాన్: ముందు పడటం, తర్వాత లేవడం, ఎగరడం చివర్న

మీరు అడిగినవి మూడు. ప్రదర్శనల వీడియోలు చూసి నేల మీద పడుతూ దొర్లుతూ పోరాడే చైనా యుద్ధవిద్య డీటాంగ్ చ్యువాన్‌ని ఇంట్లోనే మొదలుపెట్టారు. బ్రేక్‌డాన్స్ అలవాటు ఉండటంతో వెల్లకిలా పడుకుని ఒక్క ఊపులో లేచి నిలబడటం ఇప్పటికే వచ్చు. కానీ డాబా మీద భుజం మీదుగా దొర్లినప్పుడల్లా కుడి జబ్బ ఎముక నేలకి కొట్టుకుంటోంది. దాన్ని ఎలా సరిచేసుకోవాలి, ఇంకా ఏవి ఏ వరసలో నేర్చుకోవాలి, ఈ విద్య నిజంగా కొట్లాటలో పనికొస్తుందా అన్నవి మీ ప్రశ్నలు.

ముందు జబ్బ సంగతి. ఈ రోజు నుంచి డాబా మీద దొర్లడం ఆపేయండి. నొప్పి పూర్తిగా తగ్గేదాకా ఏ నేల మీదా వద్దు. చెయ్యి తల మీదికి ఎత్తినప్పుడు గానీ, ఆ పక్కకి తిరిగి పడుకున్నప్పుడు గానీ భుజం పైకొసలో, కాలర్ ఎముక వచ్చి కలిసే చోట నొప్పి పుడుతుంటే ఎముకల డాక్టరుకి చూపించాలి. అక్కడి కీలు చిన్నది. పదేపదే దెబ్బ తగిలితే దాని కట్లు సాగుతాయి, ఒక్కోసారి తెగుతాయి.

అక్కడే ఎందుకు తగులుతోందంటే, మీరు భుజం కొస మీదుగా దొర్లుతున్నారు. దొర్లాల్సింది భుజం వెనక భాగం మీదుగా. చైనా వాళ్లు ఛ్యాంగ్‌బెయ్ అనే ఈ మొగ్గలో ఒంట్లో ఏ భాగం తర్వాత ఏది నేలని తాకాలో ఖచ్చితమైన వరస ఉంది. కుడివైపు దొర్లేటప్పుడు మొదట కుడి చిటికెన వేలి వైపు అరచెయ్యి అంచు తాకుతుంది. ఆ తర్వాత ముంజేయి బయటి అంచు, మోచేతి పైభాగం, కుడి భుజం వెనక కండ వరసగా తాకుతాయి. అక్కడి నుంచి వీపుకి అడ్డంగా, ఐమూలగా ఎడమ పిర్ర దాకా రావాలి. తల నేలకి తగలకూడదు. ఎడమ చంక కిందికి చూస్తున్నట్టు ముఖం ఎడమకి తిప్పి, గడ్డం ఛాతీకి దగ్గరగా పెట్టుకోవాలి.

మీలాంటి నొప్పికి సాధారణంగా మూడు కారణాలుంటాయి. చెయ్యి విల్లులా వంగి గట్టిగా నిలబడాల్సింది పోయి బరువు పడగానే మోచేతి దగ్గర మడతపడితే భుజం నేరుగా నేలని గుద్దుతుంది. తల తిప్పకుండా తిన్నగా ముందుకు చూస్తుంటే భుజం వెనక్కి తిరగదు, దాంతో కొసే నేలకి ఎదురవుతుంది. మూడోది, వెనక కాలితో నేలని తన్నకుండా ముందుకి వాలిపోవడం. అలా వాలితే ఊపు ముందుకి సాగదు, బరువంతా కిందికే దిగుతుంది. దొర్లాక నడుం మధ్య ఎముక కూడా నొప్పెడుతుంటే మీరు ఐమూలగా కాకుండా వెన్నుపూస మీదుగా తిన్నగా వెళ్తున్నారన్నమాట. ఒక సుద్దముక్క తెచ్చి చాప మీద తిన్నగా గీత గీయండి. కుడి భుజంతో మొదలెట్టి ఎడమ పిర్ర మీదకి సరిగ్గా వచ్చిన మనిషి లేచేటప్పటికి ఆ గీత మీదే, మొదట చూస్తున్న వైపే చూస్తూ ఉంటాడు. పక్కకి జారిపోయి లేస్తున్నారంటే వరస ఎక్కడో తెగింది.

సరిచేసుకోవడం నిలబడి కుదరదు. కుడి మోకాలు నేలకి ఆనించి, ఎడమ పాదం ముందు పెట్టి, కుడిచేతిని రెండు కాళ్ల మధ్య నుంచి వెనక్కి దూర్చి, భుజం వెనక భాగాన్ని నెమ్మదిగా నేల మీద పెట్టాలి. అలా పెట్టాక వెనక కాలితో కొంచెం తోస్తే చాలు. ఒక్కో పక్కకి పదేసి సార్లు, ఏ ఎముకా నేలకి తగిలిన చప్పుడు రాకుండా చేయగలిగితే గొంతుక్కూర్చుని చేయండి. ఆ తర్వాత వంగి నిలబడి, ఆ తర్వాత ఒక అడుగు వేసి. గెంతి దొర్లడం వీటన్నిటి తర్వాతే. ఎడమవైపు చాలామంది వదిలేస్తారు. అది తప్పు, ఎందుకంటే జారినప్పుడు ఏ వైపు పడాలో మనం ఎంచుకోం.

నేల గురించి నాలుగు మాటలు. సిమెంటు, టైల్స్, డాబా నేర్చుకునే చోట్లు కావు. జూడో చాపలు దాదాపు 4 సెంటీమీటర్ల మందం ఉంటాయి, ఈ పనికి అవే అన్నిటికన్నా మేలు. ఒకదానికొకటి తగిలించే ఫోమ్ పలకలు కొనేటట్లయితే 3 సెంటీమీటర్లకి తగ్గకుండా చూసుకోండి. వాటి మధ్య సందుల్లో కాలివేళ్లు ఇరుక్కుంటాయి కాబట్టి మీద ఒక దళసరి గుడ్డ బిగుతుగా పరచండి. జిమ్నాస్టిక్స్ వాళ్ల బాగా మందమైన స్పాంజి పరుపు మెత్తగా ఉందని సంబరపడొద్దు. అందులో కూరుకుపోతే తప్పుగా పడినా నొప్పి తెలియదు, ఆ తప్పు అలాగే అలవాటైపోతుంది. ఊళ్లో ఉన్నవాళ్లకి కుస్తీ గోదా దొరికితే అంతకంటే కావాల్సింది లేదు. జానెడు లోతు తవ్వి, రాళ్లు ఏరి, కొంచెం నీళ్లు చల్లి గుల్ల చేసిన మట్టి ఈ విద్యకి సరిగ్గా సరిపోతుంది. నిండుచేతుల చొక్కా, మోకాళ్లు కప్పే ప్యాంటు వేసుకోండి. గడియారం, ఉంగరం, మొలతాడుకి కట్టిన తాళంచెవి, జేబులో ఫోను అన్నీ తీసి పక్కన పెట్టండి. భోంచేశాక రెండు మూడు గంటలు ఆగండి.

ఇక అసలు విద్య. డీటాంగ్ చ్యువాన్‌ని షాన్‌డాంగ్ ప్రాంతపు విద్యగా చెబుతారు. చైనాలో మింగ్ రాజవంశ కాలపు సేనాని ఛీ జీగ్వాంగ్ 1560 ప్రాంతంలో రాసిన సైనిక శిక్షణ గ్రంథంలో, ఆనాటి పేరున్న యోధుల వరసలో ‘వెయ్యి పాట్ల జాంగ్’ అనే ఒకతని ప్రస్తావన ఉంది. పాటు అంటే ఇక్కడ పడటం, అందులోనే అతనికి పేరు. పడిపోవడమనేది ఓటమి కాదనీ, దాన్ని సాధన చేసి ఆయుధంగా మార్చుకోవచ్చనీ అప్పటికే తెలుసన్నమాట. ఈ విద్యలో ప్రతి పాటూ రెండు పనుల్లో ఒకటి చేసి తీరాలి. ఎదుటివాడి కాలికి దెబ్బ కావాలి, లేదంటే మనం లేవడానికి దారి కావాలి. రెండూ కానిది కేవలం విన్యాసం. వీడియోలు చూసేటప్పుడు ఈ కొలతతో చూడండి. గాల్లో అడ్డంగా తిరిగే షువాన్‌జీ, చేతులు ఆనించకుండా వేసే పక్కపల్టీ వంటివి పోటీల్లో చూపరుల కోసం పెరుగుతూ వచ్చాయి. అవి కష్టమైనవే, అందమైనవే. కానీ అవి రానంత మాత్రాన డీటాంగ్ రానట్టు కాదు.

చైనా జాతీయ పోటీల్లో సంప్రదాయ చేతివిద్యలని విభజించేటప్పుడు దీన్ని జంతువులని అనుకరించే శైలులతో కలిపి మూడో తరగతిలో పెడతారు. మత్తులో తూలే శైలి, కోతి శైలి నేర్చినవాళ్లకీ ఇవే పాట్లు, ఇవే మొగ్గలు. 1991లో బీజింగ్‌లో మొదలైన ప్రపంచ వుషు (చైనా యుద్ధవిద్యల క్రీడ) పోటీల్లో మాత్రం ముఖ్య విభాగాలు చాంగ్‌చ్యువాన్, నాన్‌చ్యువాన్, తైజీచ్యువాన్ అనే శైలులు. అందుకే మన దగ్గర వుషు క్లబ్బుల్లో కూడా అవీ, గుద్దులూ తన్నులూ పడేసే పట్లూ ఉండే సాండా పోరాటమూ ఎక్కువగా నేర్పుతారు. డీటాంగ్ విడిగా నేర్పేవాళ్లు అరుదు. మీ ఊళ్లో ఎవరూ దొరక్కపోతే ముందు ఆరు నెలలు ఏదైనా జూడో క్లబ్బులో చేరండి. మొదటి వారం నుంచీ అక్కడ పడటమే నేర్పుతారు. ఆ పునాదితో వుషు కోచ్ దగ్గరికి వెళ్తే ఆయన పని సగం తగ్గుతుంది.

వరస చెప్తాను. వెనక్కి పడటం, పక్కకి పడటం మొదట. గొంతుక్కూర్చుని, పిర్రలు మడమలకి దగ్గరగా దించి, వీపు గుండ్రంగా చేసి వెనక్కి వాలాలి. నడుం తాకే క్షణంలో రెండు చేతులూ ఒంటికి ఐమూలగా చాచి, అరచేతి నుంచి మోచేతి దాకా ఒక్కసారే నేలని చరచాలి. ఊపిరి అప్పుడే వదలాలి. చేతులు భుజాల ఎత్తుకి పోతే ఆ దెబ్బ భుజం కీలుకి వెళ్తుంది. ఇందులో అతి పెద్ద ప్రమాదం వెనక్కి పడుతూ అరచెయ్యి నేలకి ఊతగా పెట్టడం. మోచెయ్యి చాచి ఉంటే ఒంటి బరువంతా మణికట్టు మీదుగా కాలర్ ఎముక దాకా పాకుతుంది, ఈ మధ్యలో ఎక్కడైనా విరగొచ్చు. రెండోది తల వెనక్కి వాలి నేలకి కొట్టుకోవడం. మొదటి రెండు వారాలు గడ్డం కింద మడతపెట్టిన చేతిరుమాలు నొక్కిపెట్టి సాధన చేయండి. అది జారిపడితే మెడ వదులయిందని వెంటనే తెలుస్తుంది. పక్కకి పడేటప్పుడు పిక్క, తొడ బయటి కండ, పిర్ర పక్కభాగం, డొక్క, ముంజేయి ఈ వరసలో తాకాలి. తుంటి ఎముక పొడుచుకొచ్చే చోటూ, మోకాలి పక్కా నేలకి కొట్టుకుంటే మీరు ఎత్తు నుంచి పడుతున్నారు, ఇంకా కిందికి కూర్చోవాలి.

ఆ తర్వాత ముందుకి పడేవి. జాయ్‌బెయ్ అంటే శిలాఫలకం కూలినట్టు ఒళ్లు బిర్రుగా ఉంచి తిన్నగా ముందుకి పడటం. మోకాళ్ల మీద నిలబడి మొదలెట్టండి. రెండు అరచేతులూ ముంజేతులూ ఛాతీ ఎదురుగా, మోచేతులు వంచి, నేల దగ్గరపడ్డాకే ఆనించాలి. ముఖం పక్కకి తిప్పాలి. చేతులు ముందే చాచడం భయం వల్ల జరుగుతుంది, మణికట్టు బెణికేది అందుకే. కడుపు వదులైతే ముందు బొజ్జ, ఆపైన గడ్డం నేలకి కొట్టుకుంటాయి. దండాలు వరసగా ఇరవై తియ్యలేనివాళ్లు ఇది నిలబడి చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

పూహూ, పులి దూకినట్టు దూకి నేల మీద పాకడం, దీనికి తర్వాతి మెట్టు. చేతులు ముందు తాకి, మోచేతులు మెల్లగా వంగుతుండగా ఛాతీ, పొట్ట, తొడలు వరసగా నేలకి దిగుతాయి. ఆ సమయంలో కాళ్లు వెనక పైకి లేచి ఒళ్లు విల్లులా ఉండాలి, తల ఎత్తి ఉంచాలి. దండం స్థితి నుంచి, తర్వాత గొంతుక్కూర్చున్న చోటి నుంచి, తర్వాత వంగి నిలబడి, చివరికి దూకి చేయాలి. కాళ్లు పైకి లేపకుండా దూకితే మోకాలి చిప్పలు నేలని గుద్దుతాయి. ఈ తప్పు ఎంత త్వరగా అలవాటవుతుందో, మానడానికి అంత కాలం పడుతుంది.

మీకు వచ్చిన ఆ లేచే ఊపుని లీయూ డాటింగ్ అంటారు, చేప ఎగిరినట్టు లేవడం. అది వచ్చని సంతోషించండి, కానీ దాని మీద ఆధారపడకండి. లేచే మధ్యలో పొట్ట, గొంతు, ముఖం ఏ కాపూ లేకుండా ఎదుటివాడికి తెరుచుకుంటాయి. చేతులు చెవుల పక్కన నేలని తోస్తుంటే వాటితో అడ్డుకోవడమూ కుదరదు. మీది ఎలా ఉందో ఒకసారి పక్క నుంచి వీడియో తీసి చూసుకోండి. కాళ్లు ఐమూలగా పైకి కొట్టకుండా ముందే మోకాళ్లు మడిస్తే లోతుగా గొంతుక్కూర్చున్నట్టు, బరువు మడమల మీద పడి దిగుతారు. అక్కడి నుంచి చిన్న తోపుకే వెనక్కి పడిపోతారు. మరో తప్పు తలని ముందే ఎత్తడం. తల లేస్తే వీపు విల్లు విరిగిపోతుంది. పాదాలు నడుం కిందికి వచ్చి, మునివేళ్ల మీద బరువు పడి, వెంటనే ఒక కాలు ముందుకి వేసి నిలకడగా నిలబడగలిగితేనే అది పూర్తయినట్టు.

దాని బదులు మీరు శ్రద్ధ పెట్టాల్సింది ఊలోంగ్ జ్యావోజూ మీద. నల్ల డ్రాగన్ స్తంభాన్ని చుట్టుకోవడం అంటారు దాన్ని. బ్రేక్‌డాన్స్‌లో విండ్‌మిల్, అంటే వీపు మీద దొర్లుతూ కాళ్లు గిరగిరా తిప్పడం, చేసినవాళ్లకి ఇది సగం తెలిసినట్టే. ఎడమ పక్కకి పడుకుని, కుడికాలు ముఖం మీదుగా పెద్ద వలయంగా ఊడ్చాలి. ఒళ్లు వెల్లకిలా తిరుగుతుండగా ఎడమకాలు దాని వెంట వస్తుంది. రెండు కాళ్లూ మెలిపడి పైకి లేస్తుంటే నడుం కూడా లేచి, భుజాల మీద నిలబడినట్టయ్యాక చేతులతో నేలని తోసి లేస్తారు. తిరిగే కాళ్లు లేచేటప్పుడు కంచెలా పనిచేస్తాయి, దగ్గరికి వచ్చినవాడికి అవే తగులుతాయి. ఇక్కడ బరువు భుజాల వెనకా వీపు పైభాగం మీదా ఉండాలి, మెడ మీద కాదు. మెడలో నొక్కుడు అనిపిస్తే నడుం తగినంత ఊపు లేకుండా లేస్తోంది, మీరు మెడతో తోస్తున్నారు. అక్కడే ఆపి, కాళ్ల వలయాన్ని మాత్రమే, నడుం ఎత్తకుండా, ఒక్కో పక్కకి పదిసార్లు వారం పాటు చేయండి.

పాన్‌ట్వే డ్యే, అంటే గాల్లో కుడికాలు లోపలికి తిప్పి కొట్టి అలాగే పక్కకి కూలడం, వీటన్నిటి తర్వాత. అందులో ముంజేతులూ అరచేతులూ, కింది తొడ బయటి వైపూ ఒకే క్షణంలో నేలని తాకాలి. ఒకటి ముందు తాకితే బరువంతా దాని మీదే పడుతుంది. కోచ్ పక్కన లేకుండా దీన్ని ముట్టుకోకండి.

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, గంటలోపు చాలు. ఆ గంటలో మొదటి పావుగంట ఒళ్లు వేడెక్కించడానికే. మణికట్లు, చీలమండలు, నడుం తిప్పడం, బస్కీలు, దండాలు. మెడకి విడిగా కేటాయించండి. చేత్తో నుదుటిని, తల వెనకని, రెండు పక్కలని నెడుతూ తల కదలకుండా పదేసి సెకన్లు ఆపాలి. మొత్తం పాట్లు ఒక పూటలో యాభై దాటనీయకండి, మొదటి నెలలో ముప్ఫై చాలు. తల నేలకి తగలకపోయినా ప్రతి పాటుకీ లోపల కొంత కుదుపు ఉంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, చేతుల్లో తిమ్మిరి, వీటిలో ఏది వచ్చినా ఆ పూటకి ఆపేసి డాక్టరుకి చూపించాలి. మెడ డిస్కు సమస్య ఉన్నవాళ్లూ, భుజం ఇంతకుముందు జారినవాళ్లూ డాక్టరు ఒప్పుకోకుండా మొదలుపెట్టకూడదు.

కొట్లాటలో పనికొస్తుందా అన్న దానికి సూటిగా చెప్తాను. నిలబడి ఉన్నవాడు కావాలని నేల మీద పడి గెలవడం చాలా అరుదు. ఎదుటివాడు రెండడుగులు వెనక్కి వేస్తే మీ కాళ్లు అందవు, అతను చుట్టూ తిరిగి మీ తల వైపు వస్తే చేసేదేం లేదు. ఇద్దరు ముగ్గురుంటే మరీ కష్టం. రోడ్డు మీద గాజుపెంకులూ, ఫుట్‌పాత్ అంచులూ ఉంటాయి. అదే మిమ్మల్ని ఎవరైనా తోసినా, మీరే జారినా, ఈ విద్య ప్రాణం కాపాడుతుంది. తల కొట్టుకోకుండా పడతారు, పడిన మరుక్షణం కాళ్లు అతని వైపు తిప్పుతారు. అతను తల వైపు రాబోతే నడుం ఇరుసుగా తిరిగి మళ్లీ పాదాలే ఎదురు పెడతారు.

అక్కడ నుంచి అన్నిటికన్నా పనికొచ్చేది ఒక జోడు కదలిక. ఒక కాలి మీగాలిని అతని మడమ వెనక కొక్కెంలా తగిలించి, ఇంకో పాదంతో అదే కాలిని మోకాలి కింద ముందు నుంచి నొక్కాలి. మడమ కదలదు, పైభాగం వెనక్కి వెళ్తుంది, అతను వెల్లకిలా పడతాడు. కొక్కెం మడమకి బదులు పిక్క దాకా జారితే పట్టు వదిలిపోతుంది, నొక్కే పాదం పైకి జారితే మోకాలు విరుగుతుంది. అందుకే తోటివాడితో చేసేటప్పుడు ముంగాలు మధ్యలో పాదం పెట్టి, నెమ్మదిగా, అతను చాప చరచగానే వదిలేయాలి. అతనికి కూడా వెనక్కి పడటం బాగా వచ్చి ఉండాలి.

జ్యాన్‌డావ్ ట్వే, అంటే ఎగిరి రెండు కాళ్లతో కత్తెర వేసి పడేసే పట్టు, మాత్రం స్నేహితులతో ప్రయత్నించకండి. జూడోలో దీని జోడీ పట్టు కానీబసామీ. 1980 ఆల్ జపాన్ పోటీల్లో జపాన్ జూడో ఛాంపియన్ యమషిత యాసుహిరో అంతటివాడి కాలి ఎముక దానితోనే విరిగింది. ఇప్పుడు అంతర్జాతీయ జూడో పోటీల్లో అది నిషిద్ధం. వేసేవాడి తుంటి ఎదుటివాడి మోకాలి పక్కన పడితే చాలు, ఆ కీలు తట్టుకోలేదు. నేల మీద పక్కకి పడుకుని, నిలబడి ఉన్న తోటివాడి చీలమండ ముందు ఒక కాలు, మోకాలి వెనక మడతలో ఇంకో కాలు పెట్టి మెల్లగా దొర్లే రూపం ఉంది. అతను మోకాలు వంచి, చేతులు ముందుంచుకుని సిద్ధంగా ఉంటే, అదొక్కటీ కోచ్ ఎదుట చేయొచ్చు.

ఇందాక చెప్పిన సేనాని పుస్తకంలోనే ఇంకో మాట ఉంది. పేరున్న ఆ యోధుల్లో కొందరికి పైన ఉంటే కింద లేదు, కింద ఉంటే పైన లేదు, అన్నీ కలిపి నేర్చుకోవాలంటాడు. ఉత్త చేతుల పోరు యుద్ధంలో పెద్దగా అక్కరకు రాదనీ, చేతులూ కాళ్లూ సాగడానికీ, విద్యలో అడుగు పెట్టడానికీ అది ద్వారమనీ కూడా రాశాడు. డీటాంగ్ కింది భాగం. పై భాగం కోసం సాండా గానీ బాక్సింగ్ గానీ వారంలో రెండు పూటలు చేయండి. సాండాలో కిందపడ్డాక పోరు సాగదు కాబట్టి పడి వెంటనే లేచే అలవాటు అక్కడ బాగా పదునెక్కుతుంది. నేల మీద పట్టుబడితే ఏం చేయాలో కుస్తీ, జూడో, జ్యుజిట్సు చెబుతాయి, డీటాంగ్ చెప్పదు.

మీ జబ్బ తగ్గాక మొదటి నెలలో వెనక పాటు, పక్క పాటు, మోకాలి మీద నుంచి ఛ్యాంగ్‌బెయ్ తప్ప ఇంకేమీ వద్దు. రెండో నెలలో గొంతుక్కూర్చుని చేసేవి, మోకాళ్ల మీద నుంచి జాయ్‌బెయ్, కాళ్ల వలయం. మూడో నెల చివర్లో ఛ్యాంగ్‌బెయ్‌ని ముందు నుంచీ పక్క నుంచీ వీడియో తీసి పెట్టండి. సుద్దగీత కనిపించేలా తీస్తే ఎక్కడ తెగుతోందో చెప్పగలను.